పడుగును కాలవనుకున్న వేసవి

మా ఇళ్ళలో పెళ్ళి జరిగినప్పుడల్లా భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. నేతవాళ్ళు జపాను విమానాలకు దారి చూపిస్తున్నారని నమ్మిన ఒక పెద్దాయన కథ. అందరూ నవ్వుతారు. చెప్పేవాళ్ళలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. చెప్పినకొద్దీ ఆ పెద్దాయన వెర్రివాడైపోతున్నాడు. పోయిన పెళ్ళిలో విన్నప్పుడు ఆయనకు చెవుడు కూడా వచ్చింది. ఆయనకు చెవుడు లేదు. వెర్రి అంతకన్నా లేదు. ఆయన ఎదురుగా పటం పరిచి, వాదించి, ఓడిపోయినవాణ్ణి నేను. ఒక నమ్మకం మనిషి బుర్రలో ఎలా నిలబడుతుందో, దాన్ని పడగొట్టబోయిన ప్రతి దెబ్బనూ తనకే ఆసరాగా ఎలా మార్చుకుంటుందో దగ్గర కూచుని చూశాను. అంతటి వింత నేను మళ్ళీ చూడలేదు. అది నవ్వులాటగా మిగిలిపోకూడదని రాసి పెడుతున్నాను. పేర్లు మాత్రం రాయను. ఆయన మనవలూ మా మేనల్లుళ్ళూ ఇవాళ్టికీ ఒకే ఊళ్ళో, ఒకే కాలవ నీళ్ళు తాగుతున్నారు.

మాది నేత కుటుంబం. నా బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. బెజవాడలో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా చేరాను. చదువు లేని లోటు గ్రంథాలయం తీర్చింది. కొట్లో పని అవగానే నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కనక అలమర పై అరనుంచి కింది అరదాకా వరసపెట్టి చదువుతూ పోయాను. భూగోళం పక్కన వైద్యం, వైద్యం పక్కన చరిత్ర. ఇంగ్లీషు పుస్తకమైతే నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన నన్ను చూడగానే ‘‘ఏవండోయ్ శాస్త్రజ్ఞులవారూ, ఇవాళ ఏ లోకంలో విహారం?’’ అనేవాడు. ఎగతాళే అయినా నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

నలభై రెండో సంవత్సరం వేసవిలో విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. తర్వాతి వంతు బెజవాడదేనని ఊరంతా అనుకున్నారు. కృష్ణ మీద రైలు వంతెన ఉంది, పక్కనే ఆనకట్ట ఉంది. వీధి దీపాలకు నల్ల ముసుగులు వేశారు. జనం బళ్ళు కట్టుకుని పల్లెలకు పోసాగారు. మా షావుకారు కూడా కొట్టుకు తాళం వేసి, ‘‘కబురు చేస్తానబ్బాయ్, అందాకా మీ అక్కయ్య ఊళ్ళో ఉండు’’ అన్నాడు. బొగ్గుతో నడిచే బస్సులో కంకిపాడు దాకా వచ్చి, అక్కణ్ణించి కాలవ గట్టు పట్టుకుని నడిచాను.

కాలవలో నీళ్ళు లేవు. మా వైపు ఏటా ఎండాకాలంలో బెజవాడ ఆనకట్ట దగ్గర తలుపులు దించేసి కాలవలు కట్టేస్తారు. మరమ్మతులు చేసుకుని తొలకరి వేళకు మళ్ళీ వదులుతారు. అందాకా కాలవ అడుగు బీటలు తీసి, పిల్లలు అందులో ఆటలాడుకుంటారు.

నేను అక్క ఊరు చేరేసరికి పొద్దు ఇంకా ఎక్కలేదు. నేతవీధి వీధంతా పడుగులతో తెల్లగా ఉండవలసిన వేళ. ఒక్క పడుగు లేదు. వీధి మధ్య కుక్కలు పడుకుని ఉన్నాయి.

‘‘ఏవిటే అక్కా, వీధి ఇట్టా ఉంది? ఎవరైనా పోయారా?’’

‘‘ఇంకా పోలేదురా. పోతాం,’’ అంది అక్క. ‘‘ముందు కాళ్ళు కడుక్కో.’’

నేత తెలియనివాళ్ళ కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు పడుగు. ఎక్కించే ముందు దానికి గంజి పట్టించాలి. వీధి పొడుగునా వెదురు కర్రల మీద పడుగును బిగించి చాచి, ఇద్దరు మనుషులు అటొకరూ ఇటొకరూ పెద్ద కుంచెలతో గంజిని పోగుపోగుకూ దువ్వుతూ నడుస్తారు. ఎండ ముదిరేలోగా ఆరాలి. ఇంట్లో కుదరదు, దొడ్లో కుదరదు. అంత పొడుగు చోటు వీధి ఒక్కటే. గంజి పట్టని పడుగు మగ్గం మీద పుటుక్కు పుటుక్కున తెగిపోతుంది.

అక్క ఇంట్లో దూలానికి ఒక పడుగు ఉండ చుట్టి వేలాడుతోంది. యుద్ధం వచ్చాక నూలు దొరకడం గగనమైపోయింది. బావ కాళ్ళరిగేట్టు తిరిగి తెచ్చిన నూలు అది. అది నేసి ఇస్తేనే మళ్ళీ నూలు. నేయకపోతే మగ్గం ఖాళీ, మగ్గం ఖాళీ అయితే పొయ్యి ఖాళీ. వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే పరిస్థితి. వీధిలో పడుగు చాచకూడదని ఊరు కట్టడి చేసింది. యుద్ధం అయ్యేదాకా.

‘‘మన పడుగులు విమానాలకి గుర్తులంట,’’ అన్నాడు బావ. ‘‘లాకు పెద్దాయన తేల్చాడు. బావమరిదీ, నువ్వు గ్రంథాలయం అంతా మింగావంటగా! ఆయన దగ్గిరకి పోయి నాలుగు ముక్కలు కక్కిరా.’’

లాకు పెద్దాయన అంటే కాలవ మీద లాకుల దగ్గర ఉద్యోగం చేసి దిగిన రైతు. పడవలు దాటించడం, తలుపులు ఎత్తడం దించడం, నీళ్ళ పంపకం, ఇదీ ఆయన జీవితం. ఉద్యోగం దిగినా నీళ్ళ తగాదా వస్తే ఊరు ఆయన అరుగు దగ్గరికే వచ్చేది. నీళ్ళ గురించి ఆయన మాట ఎన్నడూ తప్పలేదు. కనక విమానాల గురించి కూడా తప్పదనుకున్నారు.

నేను ఒక్కణ్ణే వెళ్ళలేదు. జిల్లా పటం వెంట ఉంది. గ్రంథాలయంలో చూసి, పలచటి కాగితం మీద నేనే దించుకున్నది. అరుగు మీద ఆయన పడక కుర్చీలో ఉన్నాడు. కింద నలుగురైదుగురు రైతులు కూచుని ఉన్నారు.

‘‘రావోయ్, బెజవాడబ్బాయ్. కూచో. పటం తెచ్చావే! మంచిది,’’ అన్నాడు. ‘‘ముందు నేనొకటి అడుగుతా. ఆకాశంలోంచి చూస్తే మన సీమ ఎట్టుంటదంటావ్?’’

‘‘పచ్చగా ఉంటుంది, బాబాయిగారూ.’’

‘‘ఎండాకాలం పచ్చేవిటి నీ మొహం. బూడిద రంగు. దాన్లో నీళ్ళున్న కాలవలు తెల్లటి గీతలు. ఏ గీత పట్టుకుని ఎగువకి పోయినా ఎక్కడికి చేరతావ్?’’

‘‘ఆనకట్టకి.’’

‘‘ఆనకట్టకి! పక్కనే వంతెన. సముద్రం మీంచి వచ్చినవాడికి వేరే దారి చూపించక్కర్లేదు, మన కాలవలే చాలు. మరి ఇప్పుడు కాలవలు కట్టేశారు. గీతలు చెరిగిపోయినయి. వాడికి దారి లేదు. సరిగ్గా ఇప్పుడు,’’ అని ఆగి, అందరి మొహాలూ చూశాడు, ‘‘తెల్లారేసరికి ఊరూరా తెల్లటి గీతలు ఎవరు గీస్తన్నారు?’’

నేను ఏ పుస్తకంలోనూ చదవని ఆలోచన అది. నేల విడవని మనిషి ఆకాశంలోంచి తన సీమను చూశాడు, సరిగ్గా చూశాడు. తప్పు చివర్లో ఎక్కడో ఉంది, కాని అక్కడికి చేరేదాకా ప్రతి అడుగూ గట్టి నేల మీదే పడింది.

నేను పటం పరిచాను. ‘‘చూడండి బాబాయిగారూ. బెజవాడ ఇక్కడినుంచి వాయవ్యాన ఉంది. నేతవీధి నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాలు. ఈ గీత పట్టుకుని పోతే వాడు జన్మలో బెజవాడ చేరడు.’’

ఆయన వంగి పటం శ్రద్ధగా చూశాడు. నేను గెలిచాననుకున్నాను.

‘‘బాగా గీశావోయ్,’’ అన్నాడు. ‘‘కానీ ఒక్క వీధే చూపించావు. నేతవీధులు ఎన్ని ఊళ్ళల్లో ఉన్నయి? అన్నీ కలిపితేగదా గీత! ఒక్కదాన్ని చూపిస్తే తప్పు దొరక్కూడదు. అదే వాళ్ళ తెలివి.’’

‘‘వాళ్ళంటే ఎవరండీ? మా బావా?’’

‘‘ఛ ఛ. మీ బావకేం తెలుసు, అమాయకుడు. ఎవడో చేయిస్తన్నాడు. అది సరేగానీ, యుద్ధానికి ముందు మీ కొట్లో జపాను గుడ్డ అమ్మారా లేదా?’’

‘‘అమ్మామండీ. అందరూ అమ్మారు.’’

‘‘అందరూ!’’ అన్నాడు ఆయన, కింద కూచున్న రైతుల వైపు తిరిగి. వాళ్ళు నన్ను కొత్తగా చూడటం మొదలుపెట్టారు. నేను పటం మడుచుకున్నాను.

‘‘ఏవైంది?’’ అంది అక్క గుమ్మంలోనే.

‘‘నేను కూడా వాళ్ళ మనిషినే అయ్యాను.’’

బావ నవ్వాపుకోలేక కుంచె కింద పడేశాడు. తర్వాత నవ్వు ఆగిపోయి దూలానికున్న పడుగు వైపు చూశాడు.

మర్నాడు బావ తన ప్రయత్నం తను చేశాడు. పడుగు తెల్లగా ఉండటమే కదా చిక్కు, నూలుకు ముందే రంగు వేసి చాస్తే? వీధి పెద్దలు పోయి లాకు పెద్దాయన్ని అడిగారు. తెలుపు ఒక మాట అయితే ఎరుపు ఇంకొక మాట, రంగులు కూడా చేరితే కబురు పూర్తిగా అందుతుంది అన్నాడట. పోనీ మామిడితోటలో చాస్తే? దాచిపెట్టి చేయవలసిన అవసరమేమిటి అన్నాడట. వాళ్ళు తిరిగొచ్చి ఒక్కొక్క జవాబూ చెబుతుంటే నాకు కోపం రావలసింది. రాలేదు. ఆనకట్ట చూడబోయిన పిల్లవాడిలా నోరు తెరుచుకుని విన్నాను. ఎటునుంచి వచ్చిన నీరైనా ఆయన దగ్గర ఒకే కాలవలోకి మళ్ళుతోంది.

పైగా ఆయన చెడ్డవాడు కాడు. ఆ సాయంత్రం పాలేరు చేత అక్క ఇంటికి తట్టతో బియ్యం పంపించాడు. వీధిలో అందరి ఇళ్ళకూ పంపించాడు. అక్క తట్ట తాకలేదు.

‘‘బాబాయిగారికి చెప్పు నాయనా,’’ అంది పాలేరుతో, ‘‘మేం అడిగింది వీధి. బియ్యం కాదు.’’

తట్ట వెనక్కి పోయింది. పక్క ఇళ్ళవాళ్ళు కూడా సిగ్గుపడి కొందరు పంపించేశారు. కొందరు పంపలేకపోయారు, పిల్లలున్నారు. అక్క ఆ రోజు పడుగు కోసం దాచిన గంజే మాకు పోసింది. ‘‘తాగరా. పడుగుకి అక్కర్లేకపోయిందిగా,’’ అంది. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

ఆ రోజుల్లో నేను మనసు గురించిన ఒక ఇంగ్లీషు పుస్తకం సగం చదివి వదిలి వచ్చాను. మిగతా సగంలో జవాబు ఉంటుందేమోనని బాధపడ్డాను. పుస్తకం లేదు కనక మనిషి దగ్గరికే పోయాను. ఈసారి పటం లేకుండా, వాదం లేకుండా.

ఆయన ఎండిపోయిన కాలవ దగ్గర, నీటి మట్టం కొలిచే రాయిని చూస్తూ నిలబడి ఉన్నాడు. నీళ్ళు లేని కాలవలో ఏం కొలుస్తాడో నాకు తెలియలేదు.

‘‘బాబాయిగారూ, ఎవరూ చేయకుండా ఏదీ జరగదంటారా?’’ అని అడిగాను.

‘‘అదేం ప్రశ్నోయ్!’’ అన్నాడు. ‘‘నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఈ రాయి మీద నీళ్ళు జానెడు తగ్గినయనుకో. రైతులు కర్రలు తీసుకుని వచ్చేవాళ్ళు. దేవుడు తగ్గించాడని చెప్తే ఊరుకుంటారా? గట్టు పట్టుకుని ఎగువకి పోయేవాణ్ణి. ఒకచోట ఎవడో అడ్డకట్ట వేసుంటాడు. ఇంకోచోట దొంగతూము పెట్టుంటాడు. ఏమీ లేకపోతే బెజవాడలో తలుపు దించుంటారు. వెతికితే మనిషి దొరక్కుండా పోలేదు. నా సర్వీసులో ఒక్కసారి కూడా!’’

‘‘ఒక్కసారి కూడానా?’’

‘‘ఒక్కసారి కూడా.’’

నేను ఆ మాటతో తిరిగి వస్తూ గట్టు మీద ఆగిపోయాను. రాయలసీమవాడు వాన రాకపోతే ఆకాశం వైపు చూస్తాడు. మేం బెజవాడ వైపు చూస్తాం. మా సీమలో నీళ్ళు రావు, వదులుతారు. ఎండిపోవు, కట్టేస్తారు. మా అన్నం అంతా కనపడని చోట ఎవరో ఒకరు తలుపు ఎత్తడం మీద ఉంది. తాతల నాటినుంచి ఆ అలవాటులోనే బతికిన బుర్రకు, ఆకాశంలోంచి బాంబు పడిందంటే దాని వెనక తలుపు ఎత్తిన చెయ్యి ఎవరిదని అడగకుండా ఉండటం సాధ్యమా? ఆయన నమ్మకం తెలివితక్కువ వల్ల పుట్టలేదు. జీవితాంతం తప్పని తెలివిని, అది పనికిరాని చోటికి తీసుకుపోవడం వల్ల పుట్టింది. అలమర పై అరనుంచి కింది అరదాకా చదివినా నాకు ఈ సంగతి దొరకలేదు. దొరికినందుకు పొంగిపోయాను. దూలాన ఉన్న పడుగుకు మాత్రం దానివల్ల ఏ ఉపకారమూ జరగలేదు.

ఊళ్ళోకి దిగుతూ గట్టు మీంచి నేతవీధిని చూశాను. వీధిలో పడుగు లేదు. ఉన్నట్టు ఊహించుకున్నాను. ఒక్క క్షణం, నిజంగా, అది చాచిన వేలులా కనపడింది. నమ్మడం ఎంత సులువో అప్పుడు తెలిసి నాకు భయం వేసింది.

ఆ తర్వాత ఒక ఉదయం విమానం వచ్చింది. ఎవరిదో తెలియదు, మనవాళ్ళదే కావచ్చు. ఆగ్నేయాన, సముద్రం వైపునుంచి చప్పుడు మొదలై పెద్దదైంది. ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని ఎండు కాలవలోకి ఉరికారు. మట్టి గోడకు ఆనుకుని రైతులూ నేతవాళ్ళూ ఒకరి మీద ఒకరు పడ్డారు. విమానం మా నెత్తి మీదుగా పోయి, బెజవాడ దిక్కుగా చిన్నదై మాయమైంది. ఏమీ పడలేదు. చాలాసేపు ఎవరూ లేవలేదు.

లాకు పెద్దాయన మొదట లేచి పంచె దులుపుకున్నాడు. ‘‘చూశారా! గీత లేదు గనక వాడికి గుర్తు దొరకలేదు. పడుగు ఉండుంటే మన గతేవిటి?’’

రైతులు తలలూపారు. నేతవాళ్ళు నేల చూపులు చూశారు. నా పక్కన బావ ఊపిరి వదలడం వినిపించింది. ఇక ఈ ఊళ్ళో మా పడుగు వీధి చూడదని ఆ క్షణాన మాకందరికీ తెలిసిపోయింది.

అప్పుడు అక్క లేచింది. తలనిండా మట్టి, మోకాలు గీసుకుపోయి రక్తం. భయం పోయి కోపం వచ్చిన మనిషి గొంతు.

‘‘అవునండి బాబాయిగారూ, తమరు చెప్పిందే నిజం. పడుగుంటే ఏవయ్యుండేదో నేను చెప్తా వినండి. కాలవలన్నీ ఎండిపోయినయి గదా? వాడు పైనుంచి మా పడుగు చూసి, అబ్బ, నీళ్ళున్న కాలవ ఇదొక్కటే అనుకునేవాడు. దాన్ని పట్టుకుని దక్షిణంగా పోయేవాడు. దివిసీమ దాటి మళ్ళీ సముద్రంలో పడేవాడు. పీడా పోయేది! ఇప్పుడు చూడండి, గీత లేక, సరిగ్గా బెజవాడకే పోయాడు. తమరి పుణ్యమే!’’

ఆడవాళ్ళు పకపక నవ్వారు. రైతులు కూడా నవ్వారు. ‘‘లాకు బాబాయికి తలుపు మూసేసిందిరోయ్ కోడలు!’’ అన్నారెవరో. లాకు పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. అక్కనే చూస్తూ నిలబడి, ఏదో అడగబోయి, ఆగి, గట్టెక్కి ఇంటికి పోయాడు.

‘‘ఎంత పని చేశావే,’’ అన్నాడు బావ. ‘‘పెద్దమనిషిని నలుగుర్లో అంటావా? ఇంకేం వదుల్తాడు!’’

‘‘వదలకపోతే పోయాడు. కడుపులో ఉన్నది కక్కా,’’ అంది అక్క.

మర్నాడు పొద్దున్నే ఆయన నేతవీధిలో ఉన్నాడు. చేతికర్రతో వీధి ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు. దక్షిణం కొసన నిలబడి కంటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని దివిసీమ వైపు చూశాడు. తర్వాత మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. అక్క లోపలికి పోబోయింది.

‘‘ఆగమ్మాయ్,’’ అన్నాడు. ‘‘నిన్న నువ్వు చెప్పింది నాకు తట్టలేదు. నీళ్ళున్న కాలవ ఒక్కటే అయితే ఎవడైనా దాన్నే పట్టుకుంటాడు. పడవవాడైనా అంతే. పడుగు ఎంత పొడుగు చాచగలరు?’’

బావే అన్నాడు, ‘‘వీధి పొడుగునా చాస్తామండీ, ఒకదాని కొసని ఒకటి.’’

‘‘మధ్యలో ఖాళీ రాకూడదు. కాలవకి ఖాళీ ఉండదు. ఎంతమంది దగ్గిరున్నయి?’’

‘‘అందరి దగ్గిరా ఉన్నయి, దూలాలకి!’’

‘‘మరి ఏవిటి చూస్తన్నారు? పొద్దెక్కుద్ది!’’

ఆ ఉదయం నేతవీధిలో పడుగులన్నీ ఒక్కసారి చాచారు. ఒకదాని కొసకు ఒకటి, ఉత్తరం చివరనుంచి దక్షిణం చివరదాకా. పొయ్యిల మీద గంజి ఉడికింది. కుంచెల చప్పుడు మొదలైంది, సర్ సర్ మని, వీధి అంతటా ఒకే లయ. ఎండ పడి తడి నూలు మెరిసింది. నేను నేత ఇంట్లో పుట్టినవాణ్ణి, అటువంటి దృశ్యం అంతకుముందు చూడలేదు. నిజంగానే ఒక కాలవ వీధిలో పారుతున్నట్టుంది. లాకు పెద్దాయన గట్టు మీద నడిచినట్టే దాని పక్కన నడుస్తూ, పోగు ఎక్కడ జారినా కర్రతో చూపిస్తున్నాడు.

‘‘ఇదేంటక్కా,’’ అన్నాను గొంతు తగ్గించి. ‘‘నువ్వు ఎగతాళికి అన్నావు. ఆయన నిజమనుకున్నాడు. చెప్పొద్దూ?’’

‘‘చెప్పు,’’ అంది అక్క కుంచె ఆపకుండా. ‘‘నీ పటం కూడా తీసుకుపో. జరుగు, గంజి మీద పడుద్ది.’’

నేను జరిగాను.

కొన్నాళ్ళకు షావుకారు కబురు చేశాడు. బెజవాడ వెళ్ళి కొట్టు తెరిచాం. జనం ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. ఒక రోజు ఎవరో పెద్దమనిషి పంచెల చాపు చూడటానికి వచ్చాడు. బేరం చేస్తూ, నావైపు వంగి అన్నాడు, ‘‘మన బెజవాడ మీద బాంబు ఎందుకు పడలేదో తెలుసాండీ? కింద ఊళ్ళల్లో నేతవాళ్ళు పడుగులతో కాలవలు కట్టి విమానాల్ని సముద్రంలోకి తోలేస్తున్నారట. పైనుంచే ఏర్పాటట.’’

నా చేతిలో గజం కర్ర ఆగిపోయింది. అక్క కోపంలో అన్న మాట బొగ్గు బస్సుకన్నా ముందే బెజవాడ చేరింది, దారిలో ప్రభుత్వాన్ని కూడా కలుపుకుని.

‘‘అది మా అక్క ఎగతాళికి అన్న మాటండీ,’’ అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. ‘‘మీకు చెప్పి ఉండరులెండి. అట్టాంటివి బయటికి పొక్కనివ్వరు.’’

ఆ మాట పుట్టినప్పుడు దాని పక్కనే నిలబడ్డాను. పుట్టిన చోటు చూసినవాడికన్నా అది చేరిన చోట విన్నవాడికే దాని గురించి ఎక్కువ తెలుసు! ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయి మనసు గురించిన పుస్తకం తీసుకున్నాను కాని చాలాసేపు తెరవలేకపోయాను. ఇక్కడ కూచున్నవాళ్ళు చదివి నేర్చుకున్న వాటిలో, నేను చదివి నేర్చుకున్న వాటిలో, ఎన్ని ఏ అక్క నోట ఎలా పుట్టాయో అనిపించింది.

పడుగు మళ్ళీ వీధికెక్కిన సంతోషంతో పాటు ఒక దిగులు కూడా పట్టుకుంది. తొలకరి వస్తోంది. కాలవలు వదులుతారు. ఆయన లెక్క ప్రకారం నీళ్ళున్న కాలవ ఒక్కటే కనక పడుగు పనికొచ్చింది. అన్ని కాలవలూ నిండాక పడుగు ఎందుకు? మళ్ళీ మొదటి అనుమానం తిరగబెడితే? అక్క ఆ పడుగు నేసి ఇచ్చి, రెండో పడుగుకు నూలు తెచ్చుకుని ఉంది. కొట్లో సెలవడిగి బయల్దేరాను.

నేను చేరిన రోజే నీళ్ళు వచ్చాయి. ఊరంతా గట్టు మీద ఉంది. ముందు చప్పుడు, తర్వాత నురగ, ఎండుటాకులు, పుల్లలు తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు బీటల్లోకి దూరి, అడుగు నింపి, పైకి లేచాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు వేశారు. లాకు పెద్దాయన కొలత రాయి దగ్గర నిలబడి నీళ్ళు ఎక్కడం చూస్తున్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. ‘‘అడగనా?’’ అన్నాను. ‘‘అడక్కు. నేనే అడుగుతా,’’ అని ముందుకు పోయింది.

‘‘బాబాయిగారూ, కాలవలు వచ్చినయి. రేపు పడుగు చాచమంటారా, మానమంటారా?’’

ఆయన నీళ్ళ వైపు చూశాడు, నేతవీధి వైపు చూశాడు. ఆయన బుర్రలో తలుపులు ఒకటొకటే కదలడం నాకు కనపడినట్టే ఉంది. అవి ఎటు తెరుచుకుంటాయో ఏ పుస్తకమూ చెప్పలేదు.

‘‘మానడమేంటమ్మాయ్,’’ అన్నాడు చివరికి. ‘‘ఇన్ని నిజం కాలవల మధ్య ఒక దొంగ కాలవ. వాడికి ఏది ఏదో తెలియాలి గదా! ఇప్పుడే అసలు పనికొచ్చుద్ది. చాచండి.’’

అక్క ఏడ్చింది. తడి చేత్తో మొహం తుడుచుకుని, నీళ్ళు మొహాన పడ్డాయంది.

యుద్ధం అయిపోయేదాకా ఆయన రోజూ ఉదయం ఆ వీధికి వచ్చేవాడు. బెజవాడ మీద బాంబు పడలేదు. ఆయన మాట చివరిదాకా తప్పలేదు.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్ళకు దండం పెట్టుకోవాలి. పేర్లు రాయనన్నాను కనక వరసలతోనే చెబుతాను. తను అన్న మాటల్ని ఒక్కటీ మార్చకుండా తిరిగి చెప్పి, ‘‘రక్తం సంగతి కూడా రాయి’’ అన్న మా అక్కకు. పడుగు పని గురించి నేను రాసిన తప్పులు దిద్దిన బావకు. వాళ్ళ తాతగారి గురించి రాయడానికి సందేహించకుండా ఒప్పుకుని, ఆయనకు చెవుడు లేదని తప్పకుండా రాయమన్న లాకు పెద్దాయన మనవరాలికి. పుస్తకాలిచ్చి ఎగతాళి చేసిన గ్రంథాలయం పెద్దమనిషికి. అందరికన్నా ముందు లాకు పెద్దాయనకు. తన నమ్మకాన్ని నా కోసం కాసింత కూడా వదులుకోకుండానే, అందులో మా అక్క పడుగుకు చోటు చేసి పెట్టాడు.